కడుపు మీద ఇస్త్రీ

తూనీగకి ఇరవై ఆరేళ్ళు. రోజూ పొద్దున విమానాల మాటలు పట్టే పాత చేతిరేడియోని చెవి పక్కన పెట్టుకుని, తెల్లచొక్కాని కడుపు మీద పరుచుకుని ఇస్త్రీ చేసుకుంటుంది.

ఇస్త్రీపెట్టెతో కాదు. ఆ ఇంటి ఆడవాళ్ళకి కడుపుమంట అనేది మాటవరసకి అనే మాట కాదు. మంటే. అమ్మమ్మకి తోడికోడలి మీద ఉండేది. చలికాలంలో ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్ళు ఆమె ఒళ్ళోనే కాగేవి. అమ్మకి సొంత అక్క మీద ఉండేది. పెద్దమ్మ మొగుడు ఉద్యోగం ఊడగొట్టుకున్నాక అది కాస్తా చల్లారిపోయి, అమ్మ చాలాకాలం ఏదో పోగొట్టుకున్నదానిలా ఇల్లంతా తిరిగింది. ఇప్పుడు తూనీగ వంతు.

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పైలట్లకి ఏటా వైద్యపరీక్ష చేసే డాక్టరు ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేసి, "ఎవరి మీద?" అని మాత్రం అడిగి, ఫిట్ అని సంతకం పెట్టాడు.

"తల్లీ, కాస్త ఇటు తిరుగు. టీ చల్లారిపోయింది" అన్నాడు నాన్న, కప్పు పట్టుకుని. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. చల్లటి టీ తప్ప లోకంలో దేన్నయినా క్షమిస్తాడు.

"విమానం దిగేదాకా ఆగండి నాన్నా. అప్పుడైతే బాగా కాగుతుంది."

రేడియో గరగరలాడింది. ఆ తర్వాత ఒక ఆడగొంతు, తొణక్కుండా బెణక్కుండా వచ్చింది. "టవర్, రన్‌వేకి ఎదురుగా ఉన్నాం. దిగడానికి అనుమతి కావాలి."

చొక్కా కాలరు దగ్గర ముడత దానంతటదే సాఫీ అయిపోయింది. నాన్న తొందరగా కప్పు ఆనించాడు. టీ బుడబుడమంది.

ఆ గొంతు నిచ్చెనది.

తూనీగ, నిచ్చెన ఒకే ఫ్లయింగ్ క్లబ్బులో, ఒకే చిన్న విమానంలో నేర్చుకున్నారు. ఈ పేర్లు అక్కడ ఎగరడం నేర్పే చీఫ్ సార్ పెట్టినవి. ఒకతె పీలగా ఉండి ఒకచోట నిలవదు, ఇంకొకతె తలుపులన్నిటికీ తల వంచి నడుస్తుంది. ఎగరడంలో ఇద్దరూ సమానమే. దించడంలో మాత్రం తూనీగకి సాటి ఎవరూ లేరు. నిచ్చెన నేల దగ్గరికి రాగానే హడలిపోయి విమానం ముక్కు ముందే ఎత్తేసేది. అది గాల్లో ఒక్క క్షణం ఆలోచించి దభీమని కూలబడేది. "ముక్కు తొందరపడి ఎత్తకే. నేల నీ దగ్గరికి రానీ" అని తూనీగ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో. క్యాంటీన్‌లో రెండు స్పూన్లతో, ఒక ఉప్పుడబ్బాతో ఆడించి చూపించింది కూడా.

ఆరు నెలల కిందట పెద్ద విమానాల కంపెనీ ఇంటర్వ్యూలకి వచ్చింది. వాళ్ళ బ్యాచ్‌లో తొమ్మిదిమంది మగపిల్లల్ని, ఒక ఆడపిల్లని తీసుకుంది. ఆ ఆడపిల్ల నిచ్చెన. బోర్డులో పెద్దాయన తూనీగతో చాలా మర్యాదగా, "మీరూ బాగా చేశారమ్మా. కానీ లేడీ క్యాండిడేట్‌ని ఇప్పటికే తీసేసుకున్నాం" అన్నాడు, సినిమాహాల్లో టిక్కెట్లు అయిపోయాయని చెప్పినట్టు. ఆడవాళ్ళకని ఒక్క కుర్చీ వేసి, ఇద్దర్ని పిలిచి, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కొరకొరా చూసుకుంటుంటే వెనక నిలబడి నవ్వుకోవడం చాలా పాత సరదా. అందులో ఖర్చు కూడా తక్కువ.

తూనీగ ఆ కుర్చీ వేసినవాళ్ళని చూడలేదు. కూర్చున్నదాన్ని చూసింది. ఆ రోజే ఆమె బస్సులో కూర్చున్న సీటు రెగ్జిన్ కరిగి చొక్కాకి అంటుకుపోయింది.

తొమ్మిదిమంది మగపిల్లల సంగతి? వాళ్ళలో దారితప్పినోడు కూడా ఉన్నాడు. ఒంటరిగా మొదటిసారి దూరం వెళ్ళినప్పుడు, ఒక ఊరికి బదులు ఇంకో ఊళ్ళో దిగి, అక్కడి వాచ్‌మన్ ఫోన్ అడిగి, "సార్, ఇది ఏ ఊరు?" అని చీఫ్ సార్‌ని అడిగిన ఘనుడు. అతనికి ఉద్యోగం వచ్చినా తూనీగ కడుపు గోరువెచ్చగా కూడా కాలేదు. వాళ్ళకి రావడం అంటే వాన రావడంలాంటిది. వానమీద ఎవరు కుళ్ళుకుంటారు?

నిచ్చెన రోజూ పొద్దున మొదటి విమానంలో ఈ ఊరికే వచ్చేది. విమానం దిగే వేళకి ఆమె గొంతు రేడియోలో వినిపించేది. ఆ గొంతు విన్నప్పుడల్లా తూనీగకి కళ్ళముందు కనపడేది: కుడివైపు సీటు, ముందుకి వంగిన నల్లకోటు, చేతికింద లొంగిపోయిన అంత పెద్ద విమానం. ఆ చేతికి స్పూనుతో, ఉప్పుడబ్బాతో నేర్పింది తను. ఇంకేం, చొక్కా ఇస్త్రీ అయిపోయేది.

ఇన్ని చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటోంది గానీ, వేసుకుని వెళ్ళడానికి ఉద్యోగం లేదు. క్లబ్బులో అప్పుడప్పుడూ కొత్తవాళ్ళ పక్కన కూర్చోవడం, మిగతా టైము చీఫ్ సార్ పక్కన నిలబడడం. చలిగా ఉన్న పొద్దుల్లో కుర్రకారంతా ఆమె చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్ళు. "అక్కా, ఇవాళ నిచ్చెనక్క విమానం లేటా? వేడి తగ్గిందే" అని ఎవడో ఒకడు అనేవాడు, తన్నులు తినేవాడు.

అలాంటప్పుడు సరుకుల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళవి రెండు ఫ్యాన్ల చిన్న విమానాలు. టపా మూటలు, మందుల పెట్టెలు, కోడిపిల్లలు మోస్తాయి.

మాట్లాడింది ఆ కంపెనీ కెప్టెనే. బొంగురు గొంతు. "మా దగ్గర కోట్లూ టోపీలూ ఉండవమ్మా. స్వెట్టర్ తెచ్చుకో. ఫ్లైట్‌లో భోజనం ఉండదు, డబ్బా తెచ్చుకో. వెళ్ళేటప్పుడు నేను దించుతాను, వచ్చేటప్పుడు నువ్వు దించు. మూడేళ్ళు వదిలిపోనని సంతకం పెట్టాలి. ఆలోచించుకుని శుక్రవారం మధ్యాహ్నంలోగా చెప్పు. తర్వాత ఇంకొకళ్ళని చూసుకుంటాను."

తూనీగ ఫోన్ పెట్టేసి ఇంట్లో చెప్పింది.

"కోడిపిల్లలా?" అంది అమ్మ, ఆల్టరేషన్‌కి వచ్చిన ప్యాంటు కుడుతూ.

"కోడిపిల్లలే అమ్మా! అది మనుషుల్ని మోస్తుంటే నేను కోడిపిల్లల్ని మోయాలి."

"కోడిపిల్లలు నయం తల్లీ" అన్నాడు నాన్న. "లేటైందని తిట్టవు. చిల్లర అడగవు. నా సర్వీసంతా ఎదురుచూశాను అలాంటి ప్యాసింజర్ల కోసం."

"మీకు అన్నీ జోకులే. వచ్చేనెల పెద్ద కంపెనీ మళ్ళీ ఇంటర్వ్యూలకి వస్తోంది. ఇక్కడ సంతకం పెడితే అక్కడికి వెళ్ళడానికి లేదు."

"అక్కడ వస్తుందా?" అంది అమ్మ, దారం కొరుకుతూ.

తూనీగ చొక్కా మడతపెట్టసాగింది. ఆ విషయం ఎత్తితే నిచ్చెన ఫోన్ సంగతి చెప్పాలి. రెండు రోజుల కిందట అదే ఫోన్ చేసింది. "ఒసే, ఈసారి కూడా ఒక్క లేడీనేనట. నేను నీ పేరు చెప్తాను, సరేనా?" అంది. పెద్ద మనసు చేసుకుని. తన కుర్చీ పక్కన ఇంకో పీట వేయించే అధికారం ఉన్నట్టు. "దాని సిఫార్సు నాకా!" అని తూనీగ ఆ సాయంత్రం పళ్ళు నూరుతుంటే, అమ్మ చప్పుడు చేయకుండా వచ్చి, ఉతికిన దుప్పట్లు రెండు ఆమె మీద ఆరేసి వెళ్ళింది.

నిచ్చెనకి ఉన్నదే తనకి కావాలి. అంతకి వీసమెత్తు తక్కువైనా ఓడిపోయినట్టే. కోడిపిల్లలంటే ఒట్టి ఓడిపోవడం కాదు, ఓడి ఊరేగడం. వద్దని చెప్పేయాలి, పెద్ద కంపెనీ కోసం ఆగాలి అని నిశ్చయించుకుంది.

శుక్రవారం పొద్దున ఊరంతా పొగమంచు. ఎదురింటి గోడ లేదు, వీధిదీపానికి స్తంభం లేదు. తూనీగ చేతిరేడియో జేబులో పెట్టుకుని క్లబ్బుకి నడిచింది, తన నిర్ణయం చీఫ్ సార్‌కి ముందు చెబుదామని. క్లబ్బు హ్యాంగరు విమానాశ్రయం గోడ లోపలే, రన్‌వే పక్కనే ఉంటుంది. హ్యాంగరు తలుపు దగ్గర నిలబడితే మామూలుగా రన్‌వే ఆ చివరినుంచి ఈ చివరిదాకా కనిపిస్తుంది. ఇవాళ తన బూట్లు కనిపించాయి, అంతే.

పైన ఎక్కడో విమానం మోత. తిరిగి తిరిగి వస్తోంది.

జేబులో రేడియో పలికింది. "తూనీగా, ఎక్కడున్నావే?"

టవర్‌లో కూర్చుని విమానాలకి దారి చెప్పే ఆవిడ. రేడియోలో ఆవిడ పేరు టవర్. కిందికి దిగితే పిన్ని. ఎవరికీ సొంత పిన్ని కాదు, అందుకే అందరికీ పిన్ని.

"హ్యాంగరు దగ్గరున్నాను పిన్నీ."

"నిచ్చెన వాళ్ళ విమానం పైన తిరుగుతోంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ దిగే వీలు లేదు, అన్నిచోట్లా ఇదే గోల. ఇంధనం ఒక్కసారి ప్రయత్నించడానికి ఉందట. కొంచెం రన్‌వే పొడవునా నడిచి రాకూడదూ?"

తూనీగ ఎందుకని అడగలేదు. అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు, చిన్న విమానాల కోసం, ఇలా నడిచింది. పక్కనున్న గడ్డి దాటి రన్‌వే మొదట్లో నిలబడింది. పైన నిచ్చెన ఉందన్న తలపుకే కడుపు రాజుకుంది. పొగమంచు ఆమె చుట్టూ ఒక గదంత మేర పక్కకి జరిగింది. నడిచింది. గది ఆమెతోపాటు నడిచింది. వెనక్కి తిరిగి చూస్తే, వచ్చిన దారి మళ్ళీ మూసుకుపోయి ఉంది.

"చాల్లేదే" అంది పిన్ని. "ఇంకాస్త కుళ్ళుకో."

"ఎంతని కుళ్ళుకోను పిన్నీ?"

"ఆ కోటు గుర్తు తెచ్చుకో. బంగారుచారలు రెండు, చేతిమీద. ఇంటికే కారొస్తుంది దానికి. డ్రైవరు దిగి తలుపు తీస్తాడు."

పొగమంచు ఇంకో నాలుగు గదుల మేర జరిగింది.

"హోటల్లో తెల్లదుప్పట్లు. దాని దుప్పటి అది మడత పెట్టుకోనక్కర్లేదు. మొన్న వాళ్ళ కంపెనీ ప్రకటన చూశావా? బస్‌స్టాండు దగ్గర, ఇంత బొమ్మ. దాని పళ్ళే నా తలకాయంత ఉన్నాయి."

ఆ బొమ్మని తప్పించుకోవడానికే తూనీగ నెల నుంచి చుట్టుదారిలో వస్తోంది. కాళ్ళకింద రన్‌వే తడి ఆరిపోయింది. సగం దూరం తెరుచుకుంది. అంతకుమించి తెరుచుకోలేదు.

"నాకింకేం తోచట్లేదు" అంది పిన్ని. "నిచ్చెనా, వింటున్నావా? నువ్వే చెప్పు. నీ ఉద్యోగం ఎంత బాగుందో గట్టిగా చెప్పు, కింద అది వినాలి."

పైనుంచి ఆ గొంతు వచ్చింది. తొణకని, బెణకని గొంతు. "బాగుంది తూనీగా. చాలా బాగుంది. కోటు వెచ్చగా ఉంటుంది. భోజనం ట్రేలో వస్తుంది. ఎయిర్‌పోర్టులో జనం ఫొటోలు దిగుతారు. కెప్టెన్లు కూడా మంచివాళ్ళు..." అక్కడ మాట కాస్త తడబడింది. "కాఫీ ఎలా కలపాలో ఓపిగ్గా చెప్తారు."

తూనీగ రేడియో నోటి దగ్గర పెట్టుకుంది. భగభగా మండుతూనే, పాత అలవాటు చొప్పున అనేసింది. "సరేగానీ, దించేటప్పుడు జాగ్రత్త. ముక్కు తొందరపడి ఎత్తకు. నేల నీ దగ్గరికి రానీ."

"నేను దించట్లేదే."

"అదేం?"

"రేడియోలో మాట్లాడుతోంది నేను కదా."

తూనీగ ఆగిపోయింది. పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లు. ఒకళ్ళు నడుపుతుంటే ఇంకొకళ్ళు రేడియోలో మాట్లాడతారు. ఈ సంగతి పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంటుంది. క్లబ్బు విమానంలో నడిపేదీ మాట్లాడేదీ ఒక్కళ్ళే కాబట్టి అలవాటుగా రాకపోవచ్చు. కానీ చదివింది. పరీక్షలో రాసింది. మార్కులు కూడా వచ్చాయి.

"మరి నిన్న?" అంది.

"నిన్నా నేనే మాట్లాడాను."

"మొన్న?"

"ఆర్నెల్లుగా రోజూ నేనే మాట్లాడుతున్నానే. నువ్వు వింటూనే ఉన్నావుగా." నిచ్చెన గొంతు మొదటిసారి తొణికింది. "నా చేతికి ఒక్క ల్యాండింగూ ఇవ్వలేదు. చూద్దాంలే అమ్మా, వాతావరణం బాగుండనీ అమ్మా, అంటారు. నువ్వు అక్కడ ఎగిరిన రోజల్లా నాలుగుసార్లు దించుతావు, కుర్రాళ్ళ పక్కన కూర్చుని. పైనుంచి చూస్తుంటాను, ఆ చిన్న విమానం ఎలా వాలుతుందో. నాకెంత కుళ్ళుగా ఉంటుందో నీకు తెలుసా?"

తూనీగ కడుపు చల్లబడింది. పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించినట్టు, ఒక్కసారిగా. ఆరు నెలల్లో మొదటిసారి ఆమెకి ఒంటిమీద చొక్కా చలిగా తగిలింది. ఇన్నాళ్ళూ ఆమె ఏ చేతుల మీద కుళ్ళుకుందో ఆ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఆ గొంతు వినపడిందంటేనే దాని చేతులు ఖాళీగా ఉన్నాయని అర్థం. ఇంకెవరికీ కాకపోయినా పైలట్‌కి తెలియాలి.

రెండువైపుల నుంచీ పొగమంచు లోపలికి వచ్చేసింది.

"ఏమైందే? ఆరిపోయిందా?" పిన్ని గొంతు పెరిగింది. "నిచ్చెనా, నిన్ను గొప్పలు చెప్పమంటే కష్టాలు చెప్తావేం? అబద్ధమైనా ఆడవే! దానికి మళ్ళీ ఎక్కించు!"

"ఏం చెప్పను పిన్నీ? ఒక్కటీ నోటికి రావట్లేదు."

అప్పుడు రేడియోలో ఒక మగగొంతు వచ్చింది. కెప్టెన్‌ది. విసుగ్గా ఉంది. "టవర్, ఈ ఆడవాళ్ళ కబుర్లు తర్వాత పెట్టుకోవచ్చు. నాకు రన్‌వే కావాలి."

నాకు రన్‌వే కావాలి. అడగడం కూడా కాదు. టీ కావాలన్నట్టు.

తూనీగ నెమ్మదిగా అడిగింది. "ఒసే, మన దారితప్పినోడికి ల్యాండింగులు ఇస్తారా?"

"వారానికి రెండు ఇస్తారు" అంది నిచ్చెన.

దారితప్పినోడు! ఇది ఏ ఊరు సార్ అని అడిగినవాడు! వాడికి వారానికి రెండు!

తూనీగకి తొమ్మిదిమందీ వరసగా గుర్తొచ్చారు. వాన కాదు అది. ఎవరో కూర్చుని పంచిపెట్టినది. తొమ్మిది కుర్చీలు, ఆ తొమ్మిదింటితోపాటు వచ్చే చక్రాలు, రెక్కలు, నేల దగ్గరికొచ్చే ఆ ఒక్క క్షణం. అవన్నీ తనవి కాకపోయినందుకు ఆమెకి ఆ పొద్దున మొదటిసారి కుళ్ళు పుట్టింది. నిచ్చెన మీద పెట్టిన కుళ్ళు చొక్కాకి సరిపోయేది, టీకి సరిపోయేది. ఇది వేరే. చెవి పక్కన రేడియో మెత్తబడి వంగింది. రన్‌వే పక్క గడ్డి ఎండి చిటపటలాడింది. బూట్ల కింద తారు జిగురుగా సాగింది. పొగమంచు పక్కకి జరగలేదు, లేచిపోయింది. రన్‌వే ఈ కొసనుంచి ఆ కొసదాకా, కొత్తగా వేసినట్టు బయటపడింది. గోడ, గోడవతల వీధి, వీధిలో సైకిలు ఆపుకుని పైకి చూస్తున్న మనిషి, అంతా కనిపించింది.

"చాలు, చాలు! పక్కకి రావే, మీదకొచ్చేస్తారు!" అని అరిచింది పిన్ని.

తూనీగ గడ్డిలోకి తప్పుకుంది. విమానం వచ్చింది. చక్రాలు నేలని తాకి, ఒకసారి ఎగిరిపడి, మళ్ళీ తాకాయి. కెప్టెన్ దించాడు మరి. రేడియోలో నిచ్చెన "దిగాం" అంది. ఆ మాట కూడా రెండు ముక్కలై వచ్చింది.

విమానం ఆమె ముందునుంచి మెల్లగా వెళ్ళింది. కుడివైపు అద్దంలో నిచ్చెన కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ చెయ్యి ఊపలేదు. ఒకళ్ళకున్నది ఇంకొకళ్ళకి కావాలని తెలిసిపోయాక చేతులు ఊపుకోవడం అంత తేలిక కాదు.

హ్యాంగరు దగ్గరికి వచ్చేసరికి చీఫ్ సార్ ఎదురొచ్చాడు. ఎండిన గడ్డిని చూశాడు. "ఏం నిర్ణయించుకున్నావు?" అని మాత్రం అడిగాడు.

"మీ ఫోన్ ఒకసారి ఇస్తారా సార్? నాది జేబులో కరిగిపోయింది."

సరుకుల కంపెనీ కెప్టెన్ రెండో రింగుకే ఎత్తాడు.

"సార్, వచ్చేటప్పుడు ల్యాండింగ్ నాదే అన్నారు. ప్రతిసారీనా? వాతావరణం బాగాలేకపోయినా?"

"బాగాలేనప్పుడు నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటావు?" అన్నాడు బొంగురు గొంతు.

"కోడిపిల్లలు ఎప్పుడు బయల్దేరతాయి?"

"సోమవారం. స్వెట్టర్ మర్చిపోకు, మా విమానంలో హీటర్ పాడైపోయింది."

"స్వెట్టర్ అక్కర్లేదు సార్" అంది తూనీగ.

ఆ రాత్రి నాన్న పాత ఇస్త్రీపెట్టె అటకమీంచి దించి, వైరు అతికించుకున్నాడు. సోమవారం నుంచి పిల్ల పొద్దున్నే వెళ్ళిపోతుంది, ఇంట్లో ఇక చల్లటి టీయేనని బెంగపెట్టుకున్నాడు గానీ, కూతురు ఏ విషయంలో వేడెక్కిందని అడగలేదు. అమ్మ మాత్రం సోమవారం పొద్దున గుమ్మంలో ఆమె కడుపు మీద అరచెయ్యి ఆనించి చూసి, కాలినా తీయకుండా ఉంచింది. "ఈసారి ఒక్క మనిషి మీద కాదే ఇది" అంది. "చాలాకాలం వస్తుంది."

వచ్చింది కూడా. తొమ్మిదేళ్ళ తర్వాత పెద్ద కంపెనీ తూనీగని పైలట్లని పరీక్షించే కెప్టెన్‌గా పిలిచి తీసుకుంది. ఆమె బోర్డులో కూర్చున్న మొదటి ఏడాది ఆరుగురు ఆడపిల్లల్ని తీసుకుంది, లేడీ కుర్చీ ఎక్కడని అడిగిన పెద్దాయన్ని ఫైలు చూసుకోమంది. దారితప్పినోడు పక్కసీట్లోకి వచ్చిన రోజు అతనికి రేడియో అప్పజెప్పింది. నిచ్చెన కెప్టెన్ పరీక్షకి వచ్చినప్పుడు మొదటిసారి ఫెయిల్ చేసింది.

నిచ్చెన ముక్కు తొందరగా ఎత్తింది.